అత్తను కొట్టే కోడలు

జూన్ 14

వదినకి,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను. పోయిన శనివారం పొద్దున మీ గుమ్మం ముందు కమలాపళ్ళ సంచి కనిపించి ఉంటుంది. అది పెట్టింది నేనే.

చెప్పకుండా వచ్చి అమ్మని ఆశ్చర్యపెడదామనుకున్నాను. సగం మెట్లు ఎక్కేసరికి వినపడింది. దబదబ, దబదబ. కాసేపు ఆగి మళ్ళీ దబదబ. మధ్యలో అమ్మ దగ్గు. "చాలమ్మా, ఇవాళ్టికి చాల్లే" అని అమ్మ గొంతు. దాని మీద నీ గొంతు, "చాలో చాలదో నాకు తెలుసు, ఇటు తిరగండి" అని. మళ్ళీ మొదలు.

నేను తలుపు తట్టలేదు. ఎందుకు తట్టలేదో చెప్పినా నీకు అర్థం కాదు. సంచి గుమ్మం ముందు పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయాను. వీధి మలుపులో అన్నయ్య టీ కొట్టు దగ్గర పేపరు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన పక్కనుంచే వెళ్ళాను. నన్ను చూడలేదు. పేపరూ చదవడం లేదు.

తర్వాత మీ కింది వాటా ఆవిడకి ఫోన్ చేసి అడిగాను. "రోజూ రెండు పూటలా ఉండేదేనమ్మా, మాకు అలవాటైపోయింది" అంది. ఆవిడకి అలవాటయిందట.

నీకు ఫోన్ చెయ్యను. చేస్తే నువ్వు గొంతు పెంచుతావు, నాకు ఏడుపొస్తుంది, మాట తెగదు. కాగితం మీదయితే నన్ను మధ్యలో ఆపలేవు. నేను ఇన్నేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను, ఒక్క పిల్ల మీద చెయ్యెత్తలేదు. మా అమ్మ మీద నువ్వు ఎత్తుతున్నావా లేదా? దీనికి జవాబు రాయి. వేరే సంగతులు అక్కర్లేదు.

చిట్టి

జూన్ 19

టీచరమ్మ గారికి,

ఎత్తుతున్నాను. రోజూ రెండు పూటలా, పరగడుపున ఒకసారి, రాత్రి తినకముందు ఒకసారి. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?

కమలాపళ్ళు బాగున్నాయి. ఎవరు పెట్టారో తెలియక వాటా వాళ్ళందరినీ అడిగి నవ్వులపాలయ్యాను. గుమ్మందాకా వచ్చిన దానివి తలుపు తోసి ఉంటే ఈ ఉత్తరం ఖర్చు తప్పేది. కళ్ళతో చూడకుండా మెట్ల మీదే తీర్పు చెప్పేశావు.

మీ అమ్మ ఊపిరితిత్తుల్లో గొట్టాలు సాగిపోయి సంచుల్లా తయారయ్యాయి. డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పినప్పుడు నువ్వు కూడా పక్కన కూర్చుని తలూపావు. ఆ సంచుల్లో కఫం దిగిపోయి నిలవుంటుంది. మామూలుగా దగ్గితే రాదు. నడుం కింద దిండ్లు పెట్టి, తల కాస్త పల్లంగా ఉంచి, ఒక పక్కకి తిప్పి, చెయ్యి గుంటగా వంచి వీపు మీదా పక్కటెముకల మీదా కొట్టి కదిలించాలి. గోడకి అంటుకున్నది ఊడొచ్చినట్టు ఊడొస్తుంది. అప్పుడు దగ్గిస్తే గిన్నెలోకి పడుతుంది. "చాలమ్మా" అని ఆవిడ రోజూ అంటుంది. చాలనగానే ఆపితే ఆవిడ ఎప్పుడో పోయేది.

వార్డులో నర్సుగా నా పనే ఇది. అక్కడ ఎవరూ నన్ను రౌడీ అనలేదు. నిన్ననే ఒక ముసలాయన ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని, దిండు కింద సిగరెట్ పెట్టె, అగ్గిపెట్టె దాచాడు. తను పోవడమే కాక వార్డంతా తీసుకుపోయేవాడు. నేను అరిచిన అరుపుకి పక్క వార్డు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆయన కొడుకు మాత్రం, "పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది" అని నా మీదకి లేచాడు. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి మాటలు బాగా వస్తాయి. నువ్వూ ఆ కొడుకూ ఒక బళ్ళో చదివినట్టున్నారు.

ఇక మీ అన్నయ్య. కొట్టే వేళకి సరిగ్గా చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు. దిండు పట్టుకోమన్నా పట్టుకోడు, గిన్నె అందించమన్నా అందించడు. బద్ధకం ఒక్కటే ఆయనకి సమయానికి వస్తుంది.

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు. అంత అనుమానం ఉంటే వచ్చి తీసుకెళ్ళు.

వదిన

జూన్ 24

వదినకి,

వైద్యమని రాశావు. చదివాను. రెండుసార్లు చదివాను.

మా బళ్ళో ఒక మాస్టారు ఉండేవారు. దండం దశగుణం భవేత్ అంటూ బెత్తం తిప్పేవారు. పిల్లల తల్లిదండ్రులొచ్చి నిలదీస్తే, "మీ వాడి మంచికేనమ్మా" అనేవారు. కొట్టే ప్రతి మనిషీ ఆ మాటే అంటాడు. నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. గుంటగా వంచినా చాపినా చెయ్యి చెయ్యే కదా. మందులు, ఆవిరి, సిరపులు ఇన్ని ఉండగా డెబ్బై దాటిన మనిషిని తలకిందులుగా పడుకోబెట్టి బాదడం ఏ వైద్యం? మా ఊరి డాక్టరమ్మని అడిగితే, "అలాంటిది ఉంది, కానీ చూసి చెయ్యాలి" అంది. చూసి చెయ్యాలంటే ఏమిటో నువ్వే ఆలోచించుకో.

తీసుకెళ్ళమన్నావు కదా. ఆదివారం వస్తున్నాను. అమ్మ బట్టలు సర్ది ఉంచు. నీతో గొడవ పడడానికి రావడం లేదు, అమ్మ కోసం వస్తున్నాను.

చిట్టి

జూలై 1

చిట్టికి,

గొడవ పడడానికి రాలేదన్నావు. నిజమే, నోరు విప్పితే కదా గొడవ. నా చేతి మంచినీళ్ళు కూడా ముట్టకుండా అత్తయ్యని ఆటో ఎక్కించుకుని పోయావు. ఆవిడ నా వైపు చూసి, "పది రోజులుండి వస్తాలే" అంది. మీ అన్నయ్య పెట్టె మోశాడు. ఇంట్లో నలుగురం ఉండి ఒక్కరం కూడా అసలు మాట మాట్లాడలేదు. సిగ్గుగా ఉంది నాకు.

నా కోపం నీ మీద. ఆవిడ ఊపిరి మీద కాదు. కాబట్టి ఎలా చెయ్యాలో రాస్తున్నాను, చదువు.

మొదట ఆవిరి మిషన్‌తో మందు పీల్పించు. వీపు మీద పల్చటి తువ్వాలు వెయ్యి. పుడిసెడు నీళ్ళు పట్టేటట్టు చెయ్యి వంచు, వేళ్ళు విడిపోకూడదు. మణికట్టు దగ్గర్నుంచి వదులుగా కొట్టు. డొల్ల చప్పుడు రావాలి, ఖాళీ డబ్బా మీద తట్టినట్టు. చెంపదెబ్బ లాంటి చప్పుడు వచ్చిందంటే నీ చెయ్యి చదునయిందన్నమాట, అప్పుడే నొప్పి పెడుతుంది. వెన్నెముక మీద వద్దు, నడుం దగ్గర వద్దు. కఫంలో నెత్తురు కనిపిస్తే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళు. నీకు చేతకాకపోతే దగ్గర్లో ఫిజియోథెరపీ వాళ్ళని పిలువు. అంతే గానీ మానకు.

తల్లి మీద నీ చెయ్యి లేవదని తెలుసు. నాకు అత్తగారు కాబట్టి లేచిందని నువ్వనుకుంటావనీ తెలుసు. కానీ మొదటి రోజు నాకూ లేవలేదు. వార్డులో వందమందిని చేసిన దాన్ని, ఆవిడ ముందు నిలబడిపోయాను. బోర్లా పడుకున్న మనిషి వణికిపోతోంది. ఏమయిందత్తయ్యా అంటే, "కొట్టమ్మా, కొట్టించుకోవడం నాకు కొత్తా ఏంటి" అంది. నేను ఫక్కున నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వుతో నా చెయ్యి లేచింది. అప్పట్నుంచీ మాకది అలవాటు. కొట్టేటప్పుడు ఆవిడ నా వంటని తిడుతుంది, నేను ఆవిడ కొడుకుని తిడతాను. నువ్వు మెట్ల మీద ఇంకాసేపు నిలబడి ఉంటే అవన్నీ విని ఉండేదానివి.

వదిన

జూలై 8

వదినా,

నవ్వారా?

నాన్న కొట్టేవాడు వదినా. అమ్మని. ఆ గదిలోనే. వీధిలో అందరూ దేవుడు లాంటి మనిషనేవాళ్ళు. లోపలికొచ్చి తలుపేసుకునేవాడు. నేనూ అన్నయ్యా ఆ మెట్ల మీద కూర్చునేవాళ్ళం, నువ్వు నన్ను తిట్టావే, ఆ మెట్ల మీదే. చప్పుడు ఆగేదాకా లోపలికి వెళ్ళకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, మాకే తెలిసిపోయింది. ఆగాక అమ్మ తలుపు తీసి తినడానికి రమ్మని పిలిచేది. నాన్న మాతో, "మీ అమ్మ మంచికేరా" అనేవాడు. నువ్వు కాపురానికి వచ్చేసరికి ఆయన ఫోటో అయిపోయాడు. నీకు మంచి మామగారు దక్కాడు, గోడ మీద, నోరూ చెయ్యీ లేకుండా.

అందుకే తలుపు తట్టలేదు. అందుకే అన్నయ్య చెప్పులేసుకుంటాడు. ఆయనది బద్ధకం కాదు.

"కొట్టించుకోవడం నాకు కొత్తా" అని అమ్మ అంటే నువ్వు నవ్వావు. ఎందుకలా అందని ఒక్కసారైనా అడిగావా? ఆసుపత్రిలో వచ్చినవాళ్ళనందరినీ ఎప్పట్నుంచి దగ్గు, ఎప్పట్నుంచి ఆయాసం అని అడుగుతావు కదా.

నువ్వు రాసినట్టే అన్నీ సిద్ధం చేశాను. తువ్వాలు వేశాను. చెయ్యెత్తాను. దించలేకపోయాను. మళ్ళీ ప్రయత్నించలేదు. ఆవిరి పడుతున్నాను, సిరప్ పోస్తున్నాను, అమ్మ హాయిగా ఉంది. దగ్గు కూడా బాగా తగ్గింది. రోజంతా ఎక్కువగా పడుకునే ఉంటోంది, ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికింది. నీ దెబ్బలు లేకపోయినా మా అమ్మ బతుకుతుంది.

ఇంక నాకు రాయకు.

చిట్టి

జూలై 11

చిట్టీ,

దగ్గు తగ్గిందని రాశావు. అది మంచి కబురు కాదు. కఫం గిన్నెలోకి రాకుండా దగ్గు తగ్గిందంటే లోపలే నిండుతోందని. ఎక్కువ పడుకుంటోందంటే అలిసిపోయిందని. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నేనే వద్దామని సెలవడిగితే మా హెడ్ సిస్టర్ వార్డు ఖాళీగా ఉందని లబోదిబోమంది. రోగులతో నిండే ఉంది, నర్సులే లేరు. కొట్లాడాను, ఇవ్వలేదు. అందుకే ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన నోరు విప్పకపోయినా కాగితం విప్పి నీ ముందు పెడతాడు. చదవగానే అమ్మ గోళ్ళు చూడు, నీలంగా ఉన్నాయా? ఒళ్ళు వెచ్చగా ఉందా? ఉంటే ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువుదువు గానీ, ముందు ఆసుపత్రికి పద.

ఇక మిగతాది.

ఇన్నేళ్ళు మీరు ముగ్గురూ నాతో ఒక ఇంట్లో, ఒక కంచం దగ్గర బతికారు. ముగ్గురిలో ఒక్కరికీ నోరు రాలేదా? ఎందుకు అడగలేదని నన్నంటున్నావు. ఏమడగాలి? మామయ్య ఎలాంటివాడని అడిగితే మీ అన్నయ్య, "మంచివాడే" అన్నాడు. అత్తయ్య, "ఆయన ఉన్నప్పుడు ఇంట్లో అన్నీ ఉండేవి" అంది. ఇంతకంటే ఏం తవ్వుతాం? నిన్న రాత్రి మీ అన్నయ్యని నిలబెట్టి అడిగాను. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నా జన్మలో అంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు. సిగరెట్ ముసలాయన మీద కూడా.

నాకు ఒళ్ళు మండుతున్నది ఎందుకో చెప్పనా? ఆ గదిలో వెలుతురు బాగుంటుందని మంచం అక్కడ వేసింది నేను. అత్తయ్యని పక్కకి తిప్పి పడుకోబెడితే ఆవిడ మొహం సరిగ్గా ఆ ఫోటో వైపు. దాని దుమ్ము రోజూ తుడిచేది కూడా నేనే. ఆవిడ ఆయన్ని చూస్తూ నా చేత కొట్టించుకుంది, రోజుకి రెండు పూటలా. ఎవరైనా ఒక్కరు, ఒక్క మాట చెప్పి ఉంటే మంచం అటు తిప్పేసేదాన్ని. అదెంత పని? మీ మర్యాదలు తగలెయ్య.

నేను నవ్విన మాట నిజమే. అది నేను మోసుకుంటాను. మిగతాది మీరు మోసుకోండి.

వదిన

జూలై 20

వదినా,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అన్నయ్య వచ్చేసరికే అమ్మకి జ్వరం. గోళ్ళు చూశాను. నువ్వు రాసినట్టే ఉన్నాయి. రెండు రోజులు మాస్కు పెట్టి ఉంచారు. ఇప్పుడు ఫరవాలేదంటున్నారు. డాక్టరు నన్ను, "రోజూ కఫం తీయించేవాళ్ళెవరు? మానేశారా?" అని అడిగాడు. అన్నయ్య, "మా ఆవిడ" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

మూడో రోజు ఇక్కడి నర్సు వచ్చి తెర లాగింది. నేను బయటికొచ్చేశాను. అన్నయ్య అప్పటికే వరండా చివర ఉన్నాడు. ఇద్దరం చెరో గోడకి నిలబడ్డాం, ఇంత వయసొచ్చి. చప్పుడు మొదలైంది. నేను చెవులు మూసుకోబోతుంటే లోపలినుంచి అమ్మ గొంతు.

"ఏంటమ్మాయ్, ఈగలు తోలుతున్నావా? మా కోడలు కొడితే వీధి చివరికి వినిపిస్తుంది. గట్టిగా కానీ."

ఆ పిల్ల నవ్వింది. అమ్మ నవ్వలేదు, నిజంగానే తిడుతోంది. కింది నుంచి కొట్టు, పక్కకి రా, అక్కడ కాదు అని ఆ పిల్లకి పాఠం చెబుతోంది. తర్వాత దగ్గు, చాలాసేపు. తర్వాత ఊపిరి. అంత పొడుగు ఊపిరి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను వినలేదు వదినా.

లోపలికెళ్ళి అమ్మని అడిగాను, ఆ చప్పుడు ఎలా భరిస్తున్నావని. నా మీద కోప్పడింది.

"ఇంత చదివావు, చప్పుళ్ళలో తేడా తెలీదా? ఆయన కొట్టినప్పుడు ఊపిరి పోయేది. మీ వదిన కొట్టినప్పుడు వస్తుంది. నా వీపుకి తెలిసింది నీ చెవులకి తెలీదా? నన్నడక్కుండా బట్టలు సర్దించావు. నేనేమైనా పెట్టెనా?"

రావడం ఇష్టం లేకపోతే ఆ రోజే చెప్పొచ్చుగా అన్నాను. "నువ్వు వణుకుతున్నావు, చిన్నప్పటిలా. అప్పుడేం చెప్పను" అంది. నా కోసం వచ్చిందట. నేను అమ్మని కాపాడుతున్నాననుకున్నాను.

నిన్నట్నుంచి నేనే చేస్తున్నాను, నర్సు పక్కన నిలబడితే. మొదటి దెబ్బ చెంపదెబ్బలా పడింది. అమ్మ, "చెయ్యి గుంట చెయ్యి" అని అరిచింది. రెండోది డొల్లగా వచ్చింది. ఏడుస్తూనే కొట్టాను. పక్క మంచం ఆవిడ తెర పక్కకి లాగి, "కన్నతల్లిని అలా బాదుతావేంటమ్మా, మనిషివేనా" అంది. ఆవిడ మీద నాకొచ్చిన కోపం చూస్తే నువ్వు సంతోషిస్తావు. నీ మాటలే వాడాను, ఒడ్డు, మాటలు అన్నీ.

నీ మీద కోపం పోలేదు. తీసుకెళ్ళు అని ఎందుకు రాశావు? పంపను పొమ్మని కొట్లాడి ఉండాల్సింది. అంత నోరు పెట్టుకుని సరిగ్గా ఆ రోజే ఎందుకు మూసుకున్నావు?

అమ్మ ఇంటికి పోదామంటోంది. మా ఇంటికి కాదు.

చిట్టి

ఆగస్టు 6

చిట్టీ,

మీ అమ్మ దిగింది. దిగీ దిగగానే వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలన్నీ చోటు మార్చేశానని నన్ను దులిపేసింది. మాట్లాడుతుంటే ఆయాసం రాలేదు, అదీ నేను చూసుకుంది. కఫం తెల్లబడింది. చెయ్యి బాగానే పట్టింది నీకు. ఎడమ పక్క కింది భాగం మాత్రం వదిలేస్తున్నావు, అక్కడ ఇంకా గరగరమంటోంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ రోజు ఎందుకు నోరు మూసుకున్నావని అడిగావు. పౌరుషం. ఇంకేముంది. నేను బతిమాలాలా అనుకున్నాను. నా పౌరుషానికి ఆవిడ ఊపిరి పణంగా పెట్టాను. నువ్వు నీ భయానికి పెట్టావు. మీ అన్నయ్య ఆయన మౌనానికి పెట్టాడు. ముగ్గురికీ కలిపి ఒక్క డాక్టరు కూడా తిట్టలేదు, అది మన అదృష్టం. నీ మీద నాకున్న కోపం కూడా అలాగే ఉంది. తగ్గినప్పుడు రాస్తాను.

ఆవిడ వచ్చే ముందురోజు నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి మంచం కిటికీ వైపుకి తిరిగి ఉంది. గోడ మీద ఫోటో లేదు. దాని మేర గోడ తెల్లగా మిగిలింది. మీ అన్నయ్యని అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ తెలీదు, నాకు అక్కర్లేదు కూడా. ఆవిడ చూస్తే ఏమంటుందోనని మాత్రం మా ఇద్దరికీ లోపల పీకుతూనే ఉంది. ఎంతయినా మొగుడి ఫోటో.

ఇవాళ పొద్దున కొట్టే వేళయింది. మీ అన్నయ్య చెప్పులేసుకోలేదు. గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, లోపలికొచ్చి కఫం గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. గిన్నె మూత టకటకమంటోంది. నేను ఏమీ అనలేదు, నమ్ము. అత్తయ్య మంచం మీద కూర్చుని ఆ ఖాళీ గోడకేసి చాలాసేపు చూసింది. నేను దిండు సర్దుతున్నట్టు నటించాను.

"ఫోటో తీసినవాళ్ళకి ఆ మేకు ఏం అడ్డొచ్చింది? దాన్నీ పీకండి" అంది. చెప్పి పక్కకి తిరిగి పడుకుంది.

మీ అన్నయ్య పొద్దున్నించీ పటకారు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. నీ దగ్గర ఉంటే వచ్చేటప్పుడు పట్టుకురా. ఈసారి తలుపు తట్టు.

వదిన